ఐబిఎం ఎంక్యూ సమీక్ష: కొత్త ఫీచర్ల కంటే ముందు చూడవలసిన విడుదల పద్ధతి

బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, విమానయాన సంస్థల్లో మిడిల్‌వేర్ (అప్లికేషన్ల మధ్య నిలిచి వాటిని కలిపే సాఫ్ట్‌వేర్) పని చేసేవారికి ఐబిఎం ఎంక్యూను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. 1993లో ఎంక్యూసిరీస్ పేరుతో మెయిన్‌ఫ్రేమ్ మీద మొదలై, 2002లో వెబ్‌స్ఫియర్ ఎంక్యూగా, 2014లో ఎనిమిదో వెర్షన్‌తో ఐబిఎం ఎంక్యూగా పేరు మారినా, అది చేసే పని మాత్రం మారలేదు. ఒక అప్లికేషన్ ఇచ్చిన మెసేజ్‌ను పోగొట్టకుండా, రెండుసార్లు అందించకుండా, అవతలి అప్లికేషన్ ఆ సమయానికి ఆగిపోయి ఉన్నా సరే, అది లేచేవరకూ క్యూలో భద్రంగా ఉంచి చేర్చడమే ఆ పని. హైదరాబాదులో ఈ ఉత్పత్తి మీదే చాలా ఏళ్ళుగా పని చేస్తున్నవాడిగా నేను ఈ సమీక్షలో దాని ప్రాథమిక గుణాలను మళ్ళీ ఏకరువు పెట్టను. 2016 తరువాత అందులోకి వచ్చిన కొత్త ఫీచర్లు ఏ పద్ధతిలో వస్తున్నాయి, వాటికి సపోర్ట్ ఎంతకాలం దొరుకుతుంది, ఆ రెండింటినీ కలిపి చూసినప్పుడు ప్రొడక్షన్‌లో (నిజమైన లావాదేవీలు నడిచే సర్వర్లలో) ఏ వెర్షన్ పెట్టుకోవడం మంచిది అన్నవే నేను పరిశీలించదలచుకున్న విషయాలు.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఫీచర్ల జాబితా చూసి వెర్షన్ ఎంచుకునే అలవాటు ఎంక్యూ విషయంలో పనికిరాదు. ముందుగా సపోర్ట్ పద్ధతిని అర్థం చేసుకుని, దానికి మన సంస్థ తట్టుకోగలదా లేదా తేల్చుకుని, ఆ తరువాతే ఫీచర్ల వైపు చూడాలి. ఈ క్రమం తారుమారైతే ఎంత మంచి ఫీచరైనా బరువుగా మారుతుంది.

తొమ్మిదో వెర్షన్‌కు ముందు కొన్నేళ్ళకొకసారి ఒక పెద్ద వెర్షన్ వచ్చేది, మధ్యమధ్యలో ఫిక్స్ ప్యాక్‌లు వచ్చేవి. పేరుకు అవి లోపాలను సరిదిద్దే ప్యాక్‌లే అయినా, వాటిలో కొత్త సదుపాయాలు, మారిన ప్రవర్తనలు కూడా కలిసి వచ్చేవి. ఎనిమిదో వెర్షన్‌లో, ఏఎంక్యూపీ అన్న మెసేజింగ్ ప్రమాణంతో నడిచే చానళ్ళు (ఎంక్యూకు వచ్చే కనెక్షన్ దారులు) ఫిక్స్ ప్యాక్ ద్వారానే వచ్చాయి. ఎస్‌ఎస్‌ఎల్ 3 అన్న పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిని మూసివేసిన మార్పు కూడా అలాగే వచ్చింది. భద్రత దృష్ట్యా ఆ రెండో మార్పు సరైనదే అయినా, బగ్ సరిచేయడానికి ప్యాచ్ వేద్దామనుకున్న అడ్మిన్‌కు చానళ్ళ ప్రవర్తన మారిపోవడం ఊహించని విషయం. ప్యాచ్ అంటే భయపడే సంస్కృతి మన టీముల్లో పాతుకుపోవడానికి ఇటువంటి కలగలుపు విడుదలలే ఒక ముఖ్య కారణమని నేను నమ్ముతున్నాను.

2016 జూన్‌లో 9.0తో ఐబిఎం ఈ రెండింటినీ విడదీసింది. ఎల్‌టీఎస్ అని పిలిచే దీర్ఘకాల సపోర్ట్ విడుదలలో లోపాల సవరణలు, భద్రతా సవరణలు మాత్రమే వస్తాయి, కొత్త ఫీచర్లు రావు. సీడీ అని పిలిచే నిరంతర విడుదలలో కొత్త ఫీచర్లు ఏడాదికి సుమారు మూడుసార్లు వస్తాయి. రెండూ ఒకే ఉత్పత్తి, ఒకే లైసెన్స్. ఏ దారిలో నడవాలో వాడుకరి ఎంచుకుంటాడు. 9.0 తరువాత ఎల్‌టీఎస్ విడుదలలు 2018లో 9.1, 2020లో 9.2, 2022లో 9.3, 2024లో 9.4గా రెండేళ్ళకొకటి చొప్పున క్రమం తప్పకుండా వచ్చాయి. ఇంత క్రమబద్ధత వల్ల వచ్చే ఏడాది బడ్జెట్‌లో అప్‌గ్రేడ్‌కు మనుషుల్నీ సమయాన్నీ ముందే కేటాయించుకోవడం సాధ్యమైంది. ఎంక్యూకు నేను మొదటి మార్కు వేసేది ఇందుకే.

వెర్షన్ సంఖ్యను చదవడం తెలిస్తే ఈ పద్ధతి అంతా అందులోనే కనిపిస్తుంది. నాలుగు అంకెల్లో మూడోది సున్నా అయి నాలుగోది పెరుగుతూ ఉంటే, ఉదాహరణకు 9.3.0.20 అయితే, అది ఎల్‌టీఎస్ దారి. మూడో అంకె సున్నా కాకుండా ఉంటే, ఉదాహరణకు 9.3.4 అయితే, అది సీడీ దారి. 9.4.0 వంటి మొదటి విడుదల ఈ రెండు దారులూ చీలే కూడలి వంటిది. అక్కడ నిలబడి ఉన్నంతసేపూ మీరు ఎటూ వెళ్ళలేదు. దాని మీద 9.4.0.5 వంటిది వేస్తే ఎల్‌టీఎస్ వైపు, 9.4.1 వేస్తే సీడీ వైపు అడుగు పడుతుంది. సర్వర్‌లో వెర్షన్ చూపించే కమాండ్ ఇచ్చినప్పుడు చాలామంది మొదటి రెండు అంకెలు చూసి సరే అనుకుంటారు. క్యూ మేనేజర్‌ను (క్యూలనూ చానళ్ళనూ నడిపే ఎంక్యూ సర్వర్‌ను) అడిగితే అది చూపించే కమాండ్ లెవెల్‌ను (అది ఏ ఫీచర్ల స్థాయిలో ఉందో తెలిపే సంఖ్యను) కూడా తప్పనిసరిగా చూడాలి. 9.3 ఎల్‌టీఎస్ దారిలో ఎన్ని ఫిక్స్ ప్యాక్‌లు వేసినా ఆ సంఖ్య 930గానే ఉంటుంది. సీడీకి వెళితే 932 అనో 934 అనో మారుతుంది. ఈ చిన్న మార్పు వెనుకే ఈ పద్ధతిలోని అతి గంభీరమైన షరతు ఉంది.

కమాండ్ లెవెల్ ఒకసారి పెరిగిన క్యూ మేనేజర్ వెనక్కి రాదన్నదే ఆ షరతు. కొత్త వెర్షన్ కింద క్యూ మేనేజర్‌ను మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు దాని లోపలి డేటా కొత్త రూపంలోకి మారుతుంది. ఆ తరువాత పాత ఇన్‌స్టలేషన్ నుంచి దాన్ని లేపబోతే, ఇంతకంటే కొత్త వెర్షన్ దీన్ని ఇప్పటికే స్టార్ట్ చేసిందంటూ ఏఎంక్యూ7204 అన్న ఎర్రర్ వచ్చి అది లేవడానికి నిరాకరిస్తుంది. నాలుగో అంకె మాత్రమే మారే ఫిక్స్ ప్యాక్‌ను తీసేసి వెనక్కి రావచ్చు. మొదటి మూడు అంకెల్లో ఏది మారినా ఆ అవకాశం లేదు. యూనిక్స్, లినక్స్, విండోస్ వేదికల మీద ఉన్న నియమం ఇది. మెయిన్‌ఫ్రేమ్ సంగతి కొంత వేరు. కాబట్టి చేంజ్ రిక్వెస్ట్‌లో రోల్‌బ్యాక్ ప్లాన్ అన్న గడి నింపేటప్పుడు "పాత వెర్షన్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తాము" అని రాస్తే అది అబద్ధమవుతుంది. క్యూ మేనేజర్‌ను పూర్తిగా ఆపి, డేటా ఫోల్డర్‌నూ లాగ్ ఫోల్డర్‌నూ ఒకేసారి కాపీ తీసి ఉంచుకోవడమే నిజమైన రోల్‌బ్యాక్. ఆ కాపీకి తిరిగి వెళ్ళినప్పుడు అప్‌గ్రేడ్ తరువాత వచ్చిన మెసేజ్‌లన్నీ పోతాయన్నది కూడా అదే గడిలో రాయాలి. డబ్బు లావాదేవీలు నడిచే చోట ఈ రెండో వాక్యం చదివిన మేనేజరు అప్‌గ్రేడ్ సమయాన్ని మరింత జాగ్రత్తగా నిర్ణయిస్తాడు.

ఇక్కడి నుంచి సీడీ దారి అసలు ఖరీదు అర్థమవుతుంది. ఎల్‌టీఎస్ విడుదలకు అయిదేళ్ళ సపోర్ట్ ఉంటుంది, అది దాటితే అదనపు రుసుముతో పొడిగింపు కొనుక్కోవచ్చు. 2018లో వచ్చిన 9.1కు 2023 సెప్టెంబరుతో, 2020లో వచ్చిన 9.2కు 2025 సెప్టెంబరుతో ఆ సపోర్ట్ ముగిసింది. సీడీ విడుదలకు దొరికేది సుమారు ఏడాది మాత్రమే. సీడీలో ఒక లోపం బయటపడితే దాని సవరణ చాలావరకు తరువాతి సీడీ విడుదలలోనే వస్తుంది. ఆ సవరణ కావాలంటే కొత్త ఫీచర్లనూ తీసుకోవాలి, కమాండ్ లెవెల్ పెరగడాన్నీ ఒప్పుకోవాలి, వెనక్కి రాలేకపోవడాన్నీ ఒప్పుకోవాలి. పైగా 9.3.2లో ఉన్నవారు మనసు మార్చుకుని అదే 9.3 ఎల్‌టీఎస్ ఫిక్స్ ప్యాక్‌ల వైపు దిగలేరు. తరువాతి ఎల్‌టీఎస్ అయిన 9.4 వచ్చేవరకు ముందుకు నడుస్తూనే ఉండి, అక్కడ ఆగాలి. కొన్ని నెలలకొకసారి అప్‌గ్రేడ్ చేయగల ఆటోమేషన్, దాన్ని పరీక్షించగల టెస్ట్ టీమ్, ఒప్పుకునే బిజినెస్ ఉన్నచోట ఇది ఇబ్బంది కాదు. కంటెయినర్లలో, వాటిని నడిపే ఓపెన్‌షిఫ్ట్ వేదిక మీద ఎంక్యూ నడిపేవారిలో అటువంటి టీములు ఉన్నాయి. నెలకొక చేంజ్ విండో కోసం నాలుగు డిపార్ట్‌మెంట్ల సంతకాలు తీసుకోవలసిన చోట మాత్రం సీడీ దారిలో పడితే సపోర్ట్ లేని వెర్షన్ మీద చిక్కుకుపోవడం ఖాయం.

2023 మొదటి నుంచి ఐబిఎం ఎల్‌టీఎస్ సవరణలను కూడా రెండు రకాలుగా చేసింది. లోపాల సవరణలన్నీ కలిసి వచ్చే ఫిక్స్ ప్యాక్ ఒకటి, భద్రతా సవరణలు మాత్రమే ఉండే సీఎస్‌యూ మరొకటి. ఎంక్యూ లోపల జావా రన్‌టైమ్, వెబ్ కన్సోల్‌కు ఆధారమైన లిబర్టీ సర్వర్, జీఎస్‌కిట్ అన్న క్రిప్టో లైబ్రరీ వంటి భాగాలున్నాయి. వాటిలో ఏదో ఒకదానిలో భద్రతా లోపం తరచూ బయటపడుతూనే ఉంటుంది. ఆడిట్ వారు స్కాన్ చేసి పంపే నివేదికలో ఎక్కువ వరుసలు ఇవే. చిన్న మార్పుతో ఆ వరుసలను మూసివేయగల సీఎస్‌యూ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. పెద్ద రిగ్రెషన్ టెస్టు లేకుండా త్వరగా వేయగలిగినందువల్ల ప్యాచ్‌లు నిజంగా పడుతున్నాయి. ప్యాచ్ వేసిన సర్వర్ల శాతం పెరగడానికి ఏ విధానపత్రం కంటే ఈ చిన్న పొట్లమే ఎక్కువ సహాయం చేస్తుంది.

ఇక ఫీచర్ల సంగతికి వస్తే, 2016 నుంచి వచ్చిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది స్ట్రీమింగ్ క్యూలు. 2021 జూలైలో 9.2.3 సీడీ విడుదలలో వచ్చి, 2022లో 9.3తో ఎల్‌టీఎస్ వారికి అందాయి. ఒక క్యూలో పడే ప్రతి మెసేజ్‌కూ దాదాపు అచ్చమైన నకలును మరో క్యూలోకి పంపడం దీని పని. అసలు క్యూను నిర్వచించేటప్పుడు ఆ రెండో క్యూ పేరు ఒక్క లక్షణంగా ఇస్తే చాలు, అప్లికేషన్‌లో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. నకలు ఎందుకంటే, మోసాలను పసిగట్టే విశ్లేషణకు, అదే మెసేజ్‌లను కాఫ్కా అన్న డేటా స్ట్రీమింగ్ వేదికకు పంపడానికి, కొత్త అప్లికేషన్‌ను నిజమైన ట్రాఫిక్‌తో పరీక్షించడానికి, ఆడిట్ కోసం దాచుకోవడానికి. ఇది రాకముందు ఇదే పని కావాలంటే క్యూ స్థానంలో ఒక ఏలియాస్ (మారుపేరు) పెట్టి, దాన్ని టాపిక్‌కు (చందా ఉన్న అందరికీ మెసేజ్ పంపే శీర్షికకు) తిప్పి, రెండు సబ్‌స్క్రిప్షన్లు రాసి నడిపించేవారు. ఆ దారిలో మెసేజ్ ఐడీ మారిపోయేది. జవాబును అడిగిన మెసేజ్‌తో ఐడీ ద్వారా జత చేసుకునే అప్లికేషన్లు అందువల్ల తికమకపడేవి. స్ట్రీమింగ్ క్యూలో మెసేజ్ ఐడీ, కోరిలేషన్ ఐడీ (జవాబును జత చేసే గుర్తు) రెండూ అలాగే ఉంటాయి.

అయితే దీన్ని పెట్టేటప్పుడు ఒక నిర్ణయాన్ని చాలా ఆలోచించి తీసుకోవాలి. నకలు పంపడంలో రెండు స్థాయిలున్నాయి. మొదటిది, మామూలుగా ఉండేది, వీలైతే పంపడం: నకలు చేరకపోయినా అసలు మెసేజ్ చేరుతుంది. రెండోది తప్పనిసరి: నకలు చేరకపోతే అసలు మెసేజ్‌ను కూడా తీసుకోకుండా అప్లికేషన్‌కు ఎర్రర్ ఇస్తుంది. క్యూల గరిష్ఠ లోతు ప్రత్యేకంగా మార్చకపోతే 5000 మెసేజ్‌లే. నకళ్ళను తీసుకుపోయే విశ్లేషణ అప్లికేషన్ ఒక రాత్రి ఆగిపోయిందనుకుందాం, ఆ 5000 నిండడానికి రద్దీ ఉన్న క్యూకు ఎంతోసేపు పట్టదు. మొదటి స్థాయిలో ఉంటే అప్పటి నుంచి నకళ్ళు ఎవరికీ చెప్పకుండా తప్పిపోతూ ఉంటాయి. ఆడిట్ కోసం పెట్టుకున్న నకలైతే ఆడిట్‌లో ఖాళీ ఏర్పడుతుంది. రెండో స్థాయిలో ఉంటే ఆ విశ్లేషణ అప్లికేషన్ వల్ల అసలు చెల్లింపుల క్యూయే మెసేజ్‌లు తీసుకోవడం మానేస్తుంది. ఏది ఎంచుకున్నా నకలు క్యూ లోతు మీద అలర్ట్ పెట్టకుండా ప్రొడక్షన్‌కు వెళ్ళకూడదని నేను గట్టిగా చెబుతాను. పెర్సిస్టెంట్ (సర్వర్ ఆగినా పోకుండా డిస్క్‌లో రాసే) మెసేజ్‌లకు లాగ్‌లో రాసే పని కూడా దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి డిస్క్ వేగాన్ని ముందే కొలుచుకోవాలి.

యూనిఫామ్ క్లస్టర్లు 2019 మార్చిలో 9.1.2 సీడీతో మొదలయ్యాయి. ఒకే రకంగా అమర్చిన క్యూ మేనేజర్ల మధ్య అప్లికేషన్ కనెక్షన్లను ఎంక్యూయే గమనిస్తూ సమానంగా సర్దుతుంది. ఒక క్యూ మేనేజర్ ఆగి మళ్ళీ లేచాక అది ఖాళీగా కూర్చునే పాత సమస్య దీనితో తీరింది. మెసేజ్‌ల వరుస తప్పకూడని అప్లికేషన్లకూ, జవాబు కోసం ఒకే క్యూ మేనేజర్‌ను పట్టుకుని ఉండే అప్లికేషన్లకూ మాత్రం దీన్ని ఆలోచించకుండా పెట్టకూడదు. చానళ్ళను ఎన్‌క్రిప్ట్ చేసే ప్రమాణమైన టీఎల్‌ఎస్ 1.3, దానితోపాటు టీఎల్‌ఎస్ 1.2 గానీ అంతకంటే పైది గానీ అని చెప్పగల సైఫర్‌స్పెక్ (చానల్‌కు ఎన్‌క్రిప్షన్ పద్ధతిని చెప్పే అమరిక) కూడా 9.1.4 నుంచి ఉన్నాయి. ప్రతి చానల్‌కు ఒక పొడుగాటి సైఫర్ పేరు రాసి, అది బలహీనమైందని తేలినప్పుడల్లా వందల చానళ్ళను మార్చే చాకిరీ దీనివల్ల తగ్గింది. 9.3.4లో లినక్స్, ఏఐఎక్స్ మీద టోకెన్‌తో లాగిన్ అయ్యే వీలు వచ్చి 9.4తో ఎల్‌టీఎస్‌కు చేరింది. సంస్థలో ఒకే చోట గుర్తింపు వ్యవస్థ ఉన్నవారికి, అప్లికేషన్ల పాస్‌వర్డ్‌లను ఫైళ్ళలో దాచుకునే బెడద లేకుండా ఇది ఉపయోగపడుతుంది. వెబ్ కన్సోల్ 9.0.1 నుంచి ఉన్నా, 9.2తో కొత్త రూపం వచ్చాకే రోజువారీ పనికి పనికొచ్చేదిగా తయారైంది.

అధిక లభ్యత (హెచ్‌ఏ, అంటే సర్వర్ పడిపోయినా సేవ ఆగకపోవడం) విషయంలో మాత్రం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దేశపు బ్యాంకుల అవసరాలు 2019 తరువాత పూర్తిగా మారాయి. ఎన్‌ఈఎఫ్‌టీ 2019 డిసెంబరు 16 నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు 14 నుంచి సెలవుల్లేకుండా ఇరవై నాలుగు గంటలూ నడుస్తున్నాయి. అంతకుముందు రాత్రిపూట, ఆదివారాల్లో దొరికే నిశ్శబ్ద సమయం ఇప్పుడు లేదు. వెనుక ఏ మిడిల్‌వేర్ ఉన్నా, దాన్ని ఆపి అప్‌గ్రేడ్ చేసే పద్ధతికి చోటు కుంచించుకుపోయింది.

2017 చివరిలో 9.0.4తో వచ్చిన ఆర్‌డీక్యూఎం ఈ అవసరానికి మొదటి మంచి సమాధానం. మూడు లినక్స్ సర్వర్ల మీద క్యూ మేనేజర్ డేటాను ఎప్పటికప్పుడు నకలు చేస్తూ, ఒకటి పడిపోతే మరొకటి లేచే ఏర్పాటు అది. ఖరీదైన షేర్డ్ స్టోరేజ్ అవసరం లేదు. ఒక్కో సర్వర్‌నూ పక్కకు తీసి ఫిక్స్ ప్యాక్ వేసి మళ్ళీ కలుపుకుంటూ పోతే అప్లికేషన్‌కు కొద్దిసేపటి రీకనెక్ట్ తప్ప ఏమీ తెలియదు. దీనిలోని కష్టం ఎక్కడుందంటే, ఇది డిస్క్ డేటాను సర్వర్ల మధ్య నకలు చేసే డీఆర్‌బీడీ అన్న కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) మాడ్యూల్ మీద ఆధారపడుతుంది. రెడ్‌హ్యాట్ కెర్నల్ వెర్షన్‌కూ ఆ మాడ్యూల్‌కూ జత కుదరాలి. లినక్స్ టీమ్ వారు నెలవారీ ప్యాచింగ్‌లో కెర్నల్ మార్చే ముందు, దానికి సరిపడే మాడ్యూల్ వచ్చిందో లేదో ఎంక్యూ టీమ్ సరిచూసి చెప్పాలి. రెండు టీములు వేరు, రెండు క్యాలెండర్లు వేరు అయిన సంస్థలో ఈ ఒక్క విషయాన్ని లిఖితపూర్వకంగా ఒప్పందం చేసుకోకుండా ఆర్‌డీక్యూఎం పెట్టడం మంచిది కాదు.

నేటివ్ హెచ్‌ఏ ఈ సమస్యనే తీసివేసింది. 9.2.3లో కంటెయినర్ల కోసం వచ్చిన ఈ పద్ధతిలో కెర్నల్ మాడ్యూల్ లేదు, బయటి క్లస్టర్ సాఫ్ట్‌వేర్ లేదు. మూడు ప్రతులు తమలో తాము రాఫ్ట్ అల్గారిదమ్‌తో నాయకుణ్ణి ఎంచుకుని, రికవరీ లాగ్‌ను ఒకదానికొకటి పంపుకుంటాయి. మూడింటిలో రెండు బతికి ఉంటే చాలు. 9.4లో ఆ లాగ్ డేటాను కుదించి పంపే వీలు వచ్చింది, 9.4 తరువాతి సీడీ విడుదలల్లో దూరంగా ఉన్న మరో డేటా సెంటర్‌కు కూడా నకలు పంపే ఏర్పాటు వచ్చింది. ఎంక్యూ భవిష్యత్తు ఈ దిశలోనే ఉందని నాకు స్పష్టంగా కనిపిస్తోంది. కొత్తగా మొదలుపెట్టేవారు కంటెయినర్లకు సిద్ధంగా ఉంటే ఆర్‌డీక్యూఎం కంటే దీన్నే ఎంచుకోవాలని సలహా ఇస్తాను.

అసంతృప్తి కలిగించే విషయాలు కూడా ఉన్నాయి. ఈ రెండు హెచ్‌ఏ ఏర్పాట్లూ ఎంక్యూ అడ్వాన్స్‌డ్ లైసెన్స్ ఉన్నవారికే. మామూలు ఎంక్యూ లైసెన్స్ కొన్నవారికి షేర్డ్ స్టోరేజ్ మీద నడిచే పాత మల్టీ ఇన్‌స్టన్స్ పద్ధతే దిక్కు. మెసేజ్ పోకుండా చేర్చడమే ఈ ఉత్పత్తి వాగ్దానం అయినప్పుడు, సర్వర్ పడిపోయినా నిలబడే ఏర్పాటును పై మెట్టు లైసెన్స్‌లో పెట్టడం నాకు సమంజసంగా తోచదు. చిన్న సహకార బ్యాంకుకూ, పెద్ద బ్యాంకుకూ ఆ అవసరం ఒక్కటే. అడ్వాన్స్‌డ్ తీసుకున్నవారు కూడా నకలు ప్రతులకు లైసెన్స్ ఎలా లెక్కించాలో కొనుగోలుకు ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

సీడీలో వచ్చిన ప్రతి ఫీచరూ నిలబడుతుందన్న హామీ లేదన్నది మరొకటి. 9.0 కాలపు సీడీ విడుదలల్లో సేల్స్‌ఫోర్స్‌కు ఒక బ్రిడ్జ్, బ్లాక్‌చెయిన్‌కు ఒక బ్రిడ్జ్ వచ్చాయి. ఆ రెండింటినీ 2022 నవంబరులో డిప్రికేట్ చేస్తున్నట్టు (ఇక వాడవద్దని పక్కన పెడుతున్నట్టు) ఐబిఎం ప్రకటించింది. ఆ కాలపు ఉత్సాహంలో వాటి మీద ఇంటర్‌ఫేస్‌లు కట్టుకున్నవారు మళ్ళీ రాసుకోవలసి వచ్చి ఉంటుంది. క్యూలు, చానళ్ళు, క్లస్టర్లు, టీఎల్‌ఎస్ వంటి కేంద్ర భాగంలో వచ్చే ఫీచర్లను నమ్మవచ్చు. అంచుల్లో, అప్పటి గాలివాటం చూసి అతికించిన ఫీచర్లను ఒక ఎల్‌టీఎస్‌లోకి చేరి స్థిరపడేవరకు దూరం పెట్టడం మేలు. అలాగే, సీడీ అన్ని వేదికల మీదా రాలేదు. 9.0 మొదలైన కాలంలో సొలారిస్, హెచ్‌పీ-యూఎక్స్, ఐబిఎం ఐ వాడేవారికి ఎల్‌టీఎస్ ఒక్కటే దారి.

ఈ లోపాలన్నిటినీ మించి ఎంక్యూలో నేను మెచ్చుకునే గుణం ఒకటుంది, అది ఏ ఫీచర్ జాబితాలోనూ కనిపించదు. వేర్వేరు వెర్షన్ల క్యూ మేనేజర్లు చానల్ తెరుచుకునేటప్పుడు పరస్పరం సంప్రదించుకుని, ఇద్దరికీ తెలిసిన స్థాయిలో మాట్లాడుకుంటాయి. పాత క్లయింట్ లైబ్రరీతో కట్టిన అప్లికేషన్ కొత్త క్యూ మేనేజర్‌కు కనెక్ట్ అవుతుంది, కొత్త క్లయింట్ పాత క్యూ మేనేజర్‌కూ కనెక్ట్ అవుతుంది. అవతలి సంస్థ ఏ వెర్షన్‌లో ఉందో అడగకుండానే మనం అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. క్లస్టర్‌లోనైతే ముందుగా ఫుల్ రిపాజిటరీలను (క్లస్టర్ సమాచారమంతా ఉంచుకునే క్యూ మేనేజర్లను), తరువాత మిగిలినవాటిని ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవచ్చు. ఒకే సర్వర్‌లో రెండు వెర్షన్లను పక్కపక్కన ఇన్‌స్టాల్ చేసి, క్యూ మేనేజర్లను ఒక్కొక్కటిగా కొత్త ఇన్‌స్టలేషన్‌కు తరలించే వీలు 7.1 నుంచే ఉంది. వందల అప్లికేషన్లను ఒకే రాత్రి మార్చవలసిన అగత్యం లేకపోవడం వల్లనే రెండేళ్ళకొక ఎల్‌టీఎస్ అన్న క్రమం ఆచరణలో సాధ్యమవుతోంది. సైఫర్‌ల విషయంలో మాత్రం ఈ ఉదారత ఉండదు, ఉండకూడదు కూడా. బలహీనమైన పాత సైఫర్‌లను కొత్త వెర్షన్లు మూసివేస్తూ వస్తాయి కాబట్టి, అప్‌గ్రేడ్‌కు ముందు ప్రతి చానల్ ఏ సైఫర్‌తో నడుస్తోందో జాబితా తీసి చూడాలి.

పోలిక కోసం ఓపెన్ సోర్స్ వైపు కూడా ఒకసారి చూద్దాం. రాబిట్‌ఎంక్యూ అన్న మెసేజింగ్ సాఫ్ట్‌వేర్ 2019లో 3.8తో కోరమ్ క్యూలను (ఎక్కువ సర్వర్లు ఒప్పుకుంటేనే మెసేజ్ నిలిచే నకలు క్యూలను) తెచ్చి, 2024 సెప్టెంబరులో 4.0తో నకళ్ళు ఉంచే పాత పద్ధతి అయిన మిర్రర్డ్ క్యూలను పూర్తిగా తొలగించింది. సాంకేతికంగా అది సరైన నిర్ణయం. కానీ మిర్రర్డ్ క్యూల మీద నడుస్తున్నవారు ఆ వెర్షన్‌కు వెళ్ళే ముందే క్యూలను మార్చుకోవాలి. కాఫ్కా 2025 మార్చిలో 4.0తో జూకీపర్ అన్న బయటి సమన్వయ సాఫ్ట్‌వేర్‌ను తీసివేసింది. అక్కడికి చేరాలంటే ముందుగా 3 వరుసలో ఉండగానే క్రాఫ్ట్ అన్న సొంత సమన్వయ పద్ధతికి మారాలి. రెండింటిలోనూ సముదాయం నుంచి దొరికే సవరణలు తాజా విడుదలలకే పరిమితం. ఎక్కువ కాలం సపోర్ట్ కావాలంటే ఏదో ఒక కంపెనీ దగ్గర కొనుక్కోవలసిందే. కాఫ్కాను ఎంక్యూకు ప్రత్యామ్నాయంగా భావించడం సరికాదనీ, వాటి పనులు వేరనీ నేను ఎప్పుడూ చెబుతాను. అయితే అయిదేళ్ళ పాటు ప్రవర్తన మారకుండా, భద్రతా సవరణలు మాత్రం వస్తూ ఉండే విడుదల కావాలనుకునే సంస్థకు ఎంక్యూ ఎల్‌టీఎస్‌తో సమానమైనది ఆ రెండింటిలో ఉచితంగా దొరకదు.

వర్చువల్ మెషీన్ల మీద చెల్లింపుల వ్యవస్థలు నడిపేవారు ఎల్‌టీఎస్‌లోనే ఉండాలి. సీఎస్‌యూలను వచ్చిన నెలలోనే వేయాలి, ఫిక్స్ ప్యాక్‌లను టెస్ట్‌లో కొన్ని వారాలు నడిపి వేయాలి, ప్రతి రెండో ఏటా కొత్త ఎల్‌టీఎస్‌కు తరలింపును ఒక ప్రాజెక్టుగా పెట్టుకోవాలి. ఇంకా 9.2లో ఉండిపోయినవారు ఫీచర్ల చర్చను పక్కనపెట్టి వెంటనే 9.4 తరలింపును మొదలుపెట్టాలి. సీడీని ప్రొడక్షన్‌లోకి తేవలసింది ఆర్నెల్లు తిరగకుండానే అప్‌గ్రేడ్ చేయగలమని ఇప్పటికే నిరూపించుకున్న కంటెయినర్ టీములు మాత్రమే.

అలాగని మిగిలినవారు సీడీని అసలు చూడకపోవడం కూడా నష్టమే. అభివృద్ధి పనికి ఉచితంగా దొరికే ఎంక్యూ అడ్వాన్స్‌డ్ ఫర్ డెవలపర్స్ కంటెయినర్‌ను సొంత ల్యాప్‌టాప్‌లో లేపితే, కొద్ది నిమిషాల్లో క్యూఎం1 అన్న క్యూ మేనేజర్, 1414 పోర్ట్‌లో లిజనర్, 9443లో వెబ్ కన్సోల్, పరీక్షించుకోవడానికి సిద్ధంగా కొన్ని క్యూలు ఉంటాయి. ప్రతి సీడీ విడుదలనూ ఆ విధంగా తెచ్చుకుని, తమ ఎంక్యూఎస్‌సీ (ఎంక్యూ ఆదేశాల) స్క్రిప్ట్‌లనూ, తమ సైఫర్‌లనూ, తమ క్లయింట్ లైబ్రరీలనూ దాని మీద నడిపి చూసే టీముకు తరువాతి ఎల్‌టీఎస్ వచ్చిన రోజున తెలుసుకోవలసినవి చాలావరకు ముందే తెలిసి ఉంటాయి. ప్రొడక్షన్ డేటా మాత్రం ఆ ల్యాప్‌టాప్ మీదికి రాకూడదు.